రూపాయికి ఎనిమిది పైసలు

ఈ నేలకు మీరేమిచ్చారని మమ్మల్ని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. చార్మినార్ ఇచ్చామని ఒకరు, గజల్ ఇచ్చామని ఒకరు, షహీదుల్ని ఇచ్చామని ఇంకొకరు మా తరఫున జవాబు చెబుతుంటారు. మాది గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి. మా పేటల్లో నవాబుల వారసులు లేరు. పత్తి ఏకినవాళ్ళం, పత్తి తూచినవాళ్ళం, మిరపకాయల తొడిమలు తీసినవాళ్ళం. మా దగ్గరున్న జవాబు బహు చిన్నది. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఇచ్చాం. ఇప్పటికీ ఇస్తూనే ఉన్నాం.

నవ్వు రావచ్చు. ఆ ఎనిమిది పైసల లెక్క చూశాక నవ్వండి.

1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. అంతకుముందు మా వైపు మద్రాసు రాష్ట్రపు 1948 చట్టం, తెలంగాణలో 1955 నాటి హైదరాబాదు చట్టం ఉండేవి. రెండింటి స్థానంలో ఇదొకటి వచ్చింది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖలు. సంస్థకు తిండి గింజ ఎక్కడిదంటే ఇంటిపన్ను మీద వేసే సెస్సు. పంచాయతీ గానీ మునిసిపాలిటీ గానీ ఇంటిపన్నుతోపాటే దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. అయిదు వందలు ఇంటిపన్ను కట్టే ఇల్లు నలభై రూపాయలు గ్రంథాలయానికి కడుతుంది. ఆ ఇంట్లో చదువుకున్నవాడున్నాడా, ఆ ఇల్లు ఏ కులానిది, ఏ మతానిది అని చట్టం అడగదు. గుడిసె కప్పు మారి పన్ను పుస్తకంలోకి ఎక్కితే చాలు.

మా ఇల్లు అలాగే ఎక్కింది. గుంటూరు నుంచి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు పోయే దారిలో ఒక ఊరు మాది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక మా పేటలో ఇంటింటా ట్రంకుపెట్టెలు తెరుచుకున్నాయి. తాతలనాటి కాగితం ఒక్కటన్నా దొరక్కపోతుందా అని వెతుక్కున్నాం. మా ఇంట్లో పుట్టిన తేదీల కాగితాల్లేవు. నిఖానామా చెదలు తినగా మిగిలినంత ఉంది. పొలం ఎప్పుడూ లేదు కాబట్టి పట్టా లేదు. ఉన్నవల్లా ఇంటిపన్ను రసీదులు. అబ్బా వాటిని ఏడాదివారీగా దారానికి గుచ్చి దాచాడు. అవి ఎక్కడైనా పనికొస్తాయో రావో మాకు ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. కానీ ప్రతి రసీదులోనూ ఇంటిపన్ను కింద, నీళ్ళ పన్ను, దీపాల పన్ను వరసలో గ్రంథాలయ పన్ను అనే గడి ఉంది. తెలుగు చదవడం రాని మా అబ్బా ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పుస్తకాల కోసం పన్ను కట్టాడు. ఆయన దేశభక్తిని కొలిచే తూనికరాయి ఎవరి దగ్గరన్నా ఉంటే ఈ రసీదుల్ని కూడా తక్కెడలో వెయ్యమని మా మనవి.

అబ్బా జిన్నింగు మిల్లులో తూకం గుమాస్తా. ఉర్దూ చదివేవాడు, అంకెలు ఏ భాషలోనైనా చదివేవాడు. అమ్మీ ఇంట్లోనే టిక్కీలకొద్దీ మిరపకాయల తొడిమలు తీసేది. ఆ చేతులతో మమ్మల్ని ముట్టుకుంటే ఒళ్ళు మండేది. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసి, ఈ రెండు జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయిన ఏడు మిల్లుల్లోనూ పని పడిపోయింది. రైతు చావు పత్రికల్లోకి ఎక్కింది. తూకం గుమాస్తా పస్తు ఎక్కడికీ ఎక్కలేదు. అప్పుడు పని లేని మగవాడు పగలు ఇంట్లో కూర్చుంటే నామోషీ. టీ కొట్టు దగ్గర కూర్చోవాలంటే టీ కొనాలి. మసీదులో నమాజుకూ నమాజుకూ మధ్య ఎంతసేపని కూర్చుంటాడు? అబ్బా శాఖా గ్రంథాలయంలో కూర్చునేవాడు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు. అక్కడ ఎవరూ ఏం కొన్నావని అడగరు. హైదరాబాదు నుంచి సియాసత్ పత్రిక ఒక రోజు ఆలస్యంగా వచ్చేది. నిన్నటి లోకాన్ని ఇవాళ తీరిగ్గా చదువుకునేవాడు. ఆయన పక్కన కూర్చుని మేం చందమామ, ఆ తర్వాత తెలుగు దినపత్రికలు, ఆ తర్వాత బీరువాలో ఉన్నవన్నీ చదివాం. అక్కడ శుక్రవారం సెలవు. "ఆజ్ జుమ్మా, కితాబాంకు భీ ఛుట్టీ" అనేవాడు అబ్బా. పుస్తకాలు కూడా జుమ్మా నమాజుకు పోయాయని ఆయన వేళాకోళం.

మాకు ఇంట్లో ఉర్దూ వచ్చింది, బళ్ళో తెలుగు అక్షరం వచ్చింది. తెలుగును ఇష్టపడటం మాత్రం ఆ గ్రంథాలయం బెంచీ మీద వచ్చింది. మా వీధిలో నూర్‌బాషాల ఇళ్ళున్నాయి. వాళ్ళింట్లో తరతరాలుగా తెలుగే. మీరు తురకలెలా అవుతారని మా వాళ్ళూ, మీకు ఇంత మంచి తెలుగెలా వచ్చిందని బయటివాళ్ళూ వాళ్ళను అడుగుతుంటారు. రెండు ప్రశ్నలూ ఒక్కలాంటివే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పింజారీ ఇంట పుట్టిన షేక్ నాజర్ బుర్రకథతో తెలుగు దేశాన్నంతా ఊపాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవిత కథ పేరే 'పింజారి'. ఆ పుస్తకం మాకు దొరికింది గ్రంథాలయం బీరువాలోనే. మా వీధి పేరు, మా వృత్తి పేరు, తిట్టుగా మాత్రమే విన్న మాట ఒక పుస్తకం అట్ట మీద తల ఎత్తుకుని నిలబడి ఉండటం చూసి ఎంతసేపు దాన్ని చేతిలో పట్టుకున్నామో చెప్పలేం. వినుకొండ జాషువా కావ్యాలూ అదే బీరువాలో ఉండేవి. ఊళ్ళో మా పేట, మాదిగపల్లె, పెద్ద బజారు వేరువేరు దిక్కుల్లో ఉంటాయి. ఆ బీరువాలో పక్కపక్కన ఉన్నాయి.

1992 డిసెంబరు 7. మేం హైస్కూల్లో ఉన్నాం. గ్రంథాలయంలో పేపరు పేజీలుగా విడిపోయి బల్ల చుట్టూ తిరుగుతోంది. బొట్టు పెట్టుకున్న ఒక రిటైర్డు మాస్టారు మొదటి పేజీ చదువుతున్నాడు. మమ్మల్ని చూసి, చదవడం సగంలో ఆపి, ఆ పేజీని మా వైపు జరిపాడు. ఏమీ అనలేదు. ఓదార్చలేదు, వాదించలేదు, దేశం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు టీ కొట్టు దగ్గరికి పోవడానికి జంకాం, బస్టాండులో ఉర్దూలో మాట్లాడుకోవడానికి జంకాం. గ్రంథాలయానికి పోవడానికి జంకలేదు. సెక్యులరిజం అంటే ఏమిటని మమ్మల్ని ఎవరైనా అడిగితే రాజ్యాంగ పీఠిక కన్నా ముందు ఆ బల్ల గుర్తుకొస్తుంది. దానికి అద్దె ఎవరు కడుతున్నారని ఆలోచించే వయసు కాదది.

అద్దె కట్టేవాడు లేకపోతే ఏమవుతుందో తొంభైల మధ్యలో తెలిసింది. ఆ ఏడు పత్రికల పద్దుకు డబ్బు సరిపోలేదన్నారు. పేపరు ఏజెంటుకు నెలల తరబడి బిల్లు రాలేదు. ఏది ఆపాలన్న ప్రశ్న వచ్చింది. ముందు ఉర్దూ పేపరు ఆపారు. చదివేవాళ్ళు తక్కువన్నారు. మాట నిజమే. రోజుకు అయిదారుగురు ముసలివాళ్ళు చదివేవాళ్ళు. ఆపినవాడు మతతత్వవాది కాడు, మాకు తెలిసిన మంచిమనిషి. డబ్బు వస్తే మళ్ళీ తెప్పిస్తానన్నాడు. డబ్బు రాలేదు. రాదని కూడా ఎవరూ చెప్పలేదు. అబ్బా కొన్నాళ్ళు అలవాటు కొద్దీ వెళ్ళి, తెలుగు పేపర్లో బొమ్మలు చూసి, మమ్మల్ని "క్యా లిఖే రే?" అని అడిగి, తర్వాత మానేశాడు. తర్వాతి వంతు తెలుగు పత్రికలది. వారపత్రికలు పోయాయి, మాసపత్రికలు పోయాయి, పిల్లల పుస్తకాలు పోయాయి. అప్పుడు ఊరు గగ్గోలు పెట్టింది. లోటు బడ్జెట్ ఎప్పుడూ అంచున ఉన్నవాడి దగ్గర మొదలవుతుందని, అక్కడే ఆగదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ మాకు తెలీదు.

ఇరవై ఏళ్ళకు పైగా విలేకరి పనిలో ఉన్నాం. పురపాలక బడ్జెట్లు, జిల్లా సమావేశాలు ఎన్నో చూశాం. గ్రంథాలయ సెస్సు బకాయి అనే మాట వినని ఏడాది లేదు. దాని మర్మం కష్టమైనదేం కాదు. గుంటూరు మిర్చి యార్డులో వంద రూపాయల సరుకుకు రూపాయి మార్కెట్ ఫీజు. టిక్కీ లెక్క యార్డు గేటు దగ్గరే పడుతుంది, ఫీజు యార్డు ఖాతాకే పోతుంది. గ్రంథాలయ సెస్సుకు సొంత గేటు లేదు. అది ఇంటిపన్ను భుజాలెక్కి వస్తుంది. ఆ డబ్బు ముందు పంచాయతీ, మునిసిపాలిటీ చేతిలో పడుతుంది. అక్కడ వీధిదీపాల కరెంటు బిల్లు ఉంటుంది, పారిశుధ్య కార్మికుల జీతం ఉంటుంది, పగిలిన పైపు ఉంటుంది. దీపం ఆరితే ఆ రాత్రే జనం అడుగుతారు. పుస్తకం రాకపోతే ఎవరూ అడగరు. పుస్తకం డబ్బు దీపంలో కాలిపోతుంది. మా పన్ను మేం కట్టాం. సంస్థకు చేరలేదు. మధ్యలో ఉన్నవాడు దొంగా కాడు, ఇంకొకచోట ఖర్చుపెట్టిన బీదవాడు. అందుకే దీనికి ముద్దాయి దొరకడు.

ఇక ప్రభుత్వం. 2014లో రాష్ట్రం విడిపోయాక లోటు బడ్జెట్ అన్నది మాకు ఊతపదం అయిపోయింది. అఫ్జల్‌గంజ్‌లోని కేంద్ర గ్రంథాలయం హైదరాబాదులో ఉండిపోయింది. గ్రంథాలయాలను మూసేస్తామని ఏ ప్రభుత్వమూ అనదు. అంటే కొట్లాడవచ్చు. బలపరుస్తామనే అంటారు. బకాయిల ఫైలు పరిశీలనలో ఉందంటారు. ఖాళీ పోస్టుల ఫైలు ఆర్థిక శాఖలో ఉందంటారు. సంస్థ చైర్మన్ పదవి ప్రభుత్వం మారినప్పుడల్లా ఖాళీ అవుతుంది. కొత్తవారిని వేసేదాకా ఒక అధికారి తన వందో బాధ్యతగా దాన్ని మోస్తాడు. రిటైరైన గ్రంథపాలకుడి కుర్చీలో పక్క ఊరి గ్రంథపాలకుడు వారానికి మూడు రోజులు కూర్చుంటాడు. మిగతా మూడు రోజులు అక్కడ తాళం, ఇక్కడ తాళం. నిర్ణయం తీసుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే. దాని మీద సంతకం ఉండదు, అంతే తేడా.

ఇది మా ఒక్కరి బాధ కాదు. ఇంటి పన్ను మీద గ్రంథాలయానికి అణా కానీ వెయ్యవచ్చునన్న ఆలోచనను 1850లోనే చట్టం చేసిన ఇంగ్లండులో కూడా 2010 తర్వాత పొదుపు పేరుతో పదేళ్ళలో వందల గ్రంథాలయాలు మూతపడ్డాయి. అక్కడ ఏ గ్రంథాలయం ఎప్పుడు మూతపడిందో లెక్క దొరుకుతుంది. మన దగ్గర బోర్డు ఉంటుంది, తలుపు ఉంటుంది, అటెండరు ఉంటాడు. మూతపడిందని రాయడానికి మాలాంటి విలేకరికి వార్త కూడా దొరకదు.

గ్రంథాలయోద్యమం ఈ గడ్డ మీదే పుట్టిందని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సభ జరిపారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. 1929లో గాంధీజీ దాని భవనానికి పునాదిరాయి వేశారు. ప్రకాశం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది. తెలుగు పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ అక్కడికే పోతారు. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం నుంచి పడవ మీద పుస్తకాలు పెట్టి, కాలవ వెంట పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య ఊళ్ళకు పంచారు. ఆనాడు పన్ను లేదు, గ్రాంటు లేదు. జనమే మోశారు.

ఆ చరిత్రలో మా పేర్లు ఎక్కడని వెతికాం. వేటపాలెం గ్రంథాలయానికి మొదటి అడుగు వేసింది హిందూ యువజన సంఘం. దీన్ని నేరారోపణగా చెప్పడం లేదు. ఆనాటి చదువు ఎవరి ఇళ్ళలో ఉందో పుస్తకమూ అక్కడి నుంచే వచ్చింది. అందుకే మాకు 1960 చట్టం పెద్దది. దాతల పుస్తకాల గదిని అది పన్నుదారుల గదిగా మార్చింది. దాత ఇంటికి పోతే గుమ్మం దగ్గర మనం ఎవరిమో చెప్పాలి. పన్ను కట్టిన గదికి పోతే చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం చెయ్యి తీసేసిన చోట మళ్ళీ దాతలే దిక్కవుతున్నారు. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో వెంకటేశ్వరాలయం ఆవరణలో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. ఒక మనిషి జీవితమంతా సేకరించిన పుస్తకాలవి, అపురూపమైనవి. పోయి చదువుకోవచ్చు. అయినా గుడి ఆవరణలోకి బురఖా వేసుకున్న మా చెల్లెలు ఒక్కతే నడిచి వెళ్తుందా, మసీదు ఆవరణలో గ్రంథాలయం పెడితే మీ చెల్లెలు వస్తుందా అన్నది మనం నిజాయితీగా వేసుకోవలసిన ప్రశ్న. పౌర గ్రంథాలయం ఈ ప్రశ్న పుట్టకుండా చేసింది. దాని విలువ అదే.

ఇప్పుడెవరు చదువుతున్నారు, అందరి చేతిలో ఫోను ఉందిగా అంటారు. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ జరిగినప్పుడు మా ఊరి గ్రంథాలయంలో చోటు చాలక పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. పుస్తకాలు వాళ్ళే తెచ్చుకున్నారు. గ్రంథాలయం ఇచ్చింది కుర్చీ, ఫ్యాను, కాసింత నిశ్శబ్దం. కోచింగు సెంటరుకు డబ్బు కట్టగలిగిన ఇంటి పిల్లలకు అవి చిన్నవి. మా పేటలో ఒక్క గదిలో ఆరుగురం పడుకుంటాం, అదే గదిలో తొడిమల గుట్ట ఉంటుంది. నూర్‌బాషా, దూదేకులలు బీసీ-బీ గ్రూపులో ఉన్నారు. మిగతా ముస్లింలలో వెనుకబడినవారికి 2007 చట్టంతో నాలుగు శాతం వచ్చింది. ఆ సీటు దాకా నడవడానికి మధ్యలో ఒక కుర్చీ కావాలి. 2001 లెక్కల్లో దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమని సచార్ కమిటీ 2006లో రాసింది. నివేదికలు చదివి కన్నీరు కార్చిన ప్రభుత్వాలు బల్లలకు, కుర్చీలకు డబ్బు దగ్గరకొచ్చేసరికి ఆలోచించి చెబుతామంటాయి.

సెక్యులర్ మిత్రులకు ఒక మాట. నిజాం పాలనలో తెలుగుకు చోటు లేనప్పుడు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. ఊళ్ళో ఉర్దూ, పారశీ పుస్తకాలతో ఆసఫియా గ్రంథాలయం 1891 నుంచే ఉంది. అయినా తమ భాషకు ఒక గది కావాలనుకున్నారు. అది న్యాయమని మేం నమ్ముతాం. ఆ చరిత్రను మేమూ మా చరిత్రగానే చదువుకున్నాం. మరి ఒక శాఖా గ్రంథాలయంలో ఒక ఉర్దూ పేపరు అడిగితే అది వేర్పాటువాదం ఎలా అయింది? 2022లో రాష్ట్ర శాసనసభ ఉర్దూను రెండో అధికార భాష చేస్తూ చట్టం చేసింది. చట్టానికి చప్పట్లు కొట్టాం. ఆ భాషలో ఒక పేపరు ఖరీదు చట్టం కన్నా చవక.

మా పెద్దలకూ ఒక మాట. మసీదుకు మినార్ కట్టేటప్పుడు చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు, మంచిదే. అదే పుస్తకం పట్టుకుని మునిసిపాలిటీకి వెళ్ళి మా గ్రంథాలయ పన్ను ఏమైందని ఎందుకు అడగరు? షాదీఖానా అడిగాం, ఖబరస్థాన్ గోడ అడిగాం. ఆ జాబితాలో చదువుకునే గదిని కూడా చేర్చండి.

మేం అడుగుతున్నవి పెద్దవి కావు. ఏ పంచాయతీ, ఏ మునిసిపాలిటీ ఎంత గ్రంథాలయ సెస్సు వసూలు చేసింది, ఎంత జమ చేసింది అన్నది ఏటా ఆ గ్రంథాలయం గోడ మీద రాయాలి. వసూలైన సెస్సు నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడాలి. ఖాళీ కుర్చీలో ఎవరిని ఎప్పటికి కూర్చోబెడతారో తేదీ చెప్పాలి. చెయ్యలేకపోతే చెయ్యలేమని కాగితం మీద సంతకం పెట్టి చెప్పాలి. తద్దినం పెట్టాలన్నా, ఫాతిహా చదవాలన్నా చావు ఖాయం కావాలి కదా. పుస్తకాల ఎంపికలో మా పేటలవాళ్ళు, మాలమాదిగ పల్లెలవాళ్ళు, ఆడవాళ్ళు కూడా కూర్చోవాలి. 'పింజారి' లాంటి పుస్తకం అట్ట చిరిగి పోతే కొత్తది రావాలి.

ఇది మైనారిటీ సంక్షేమ పథకం కాదు. మాకు తోఫా వద్దు, ఇఫ్తార్ విందు వద్దు. ఈ ఊళ్ళో ప్రతి ఇంటితోపాటు మేమూ డబ్బు కట్టి కొనుక్కున్న బల్ల అది. దాని చుట్టూ అందరం కూర్చోవాలి. కూర్చోనివ్వండి.